నాలుగూ ముప్పై ఐదు

సుంకమ్మ ధర్మవరంలో మొదటి బస్సెక్కి, పొద్దున తొమ్మిది కాకముందే అనంతపురం శివార్లలోని పరిశోధనశాలకు చేరుకుంది. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో నీళ్ల సీసా, గుర్తింపు కార్డు, చుట్టగా చుట్టి రబ్బరు వేసిన ఒక క్యాలెండరు కాగితం. అది జూలై నెల కాగితం. ఆగస్టు చివరి వారం వచ్చినా ఆమె దాన్ని పారేయలేదు. గోడ మీదనుంచి చించనూ లేదు. అంచు వంకరపోకుండా కత్తెరతో కత్తిరించి తెచ్చింది.

తమ్ముడు ఓబులేశు గేటు దాకా ఎదురువచ్చాడు.

"ఏమన్నా తిన్నావా అక్కా?"

"మళ్ల తింటాలే. ముందు ఆ పని కానీ."

ఆ పని ఏమిటో ఇద్దరికీ తెలుసు. నలభై నాలుగు రోజులుగా ఇద్దరూ దానికోసమే ఎదురుచూస్తున్నారు. ఆమె కావాలని ఎదురుచూసింది. అతను ఎలా ఎదురుచూశాడో అతనికే తేటగా తెలియదు.

సుంకమ్మ భర్త చౌడప్ప ధర్మవరం బస్టాండులో ఇరవై ఆరేళ్లు మైకు ముందు కూర్చుని బస్సుల పేర్లు చదివిన మనిషి. కదిరి బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వచ్చిందో, హిందూపురం బస్సు ఎందుకు ఆలస్యమైందో ఊరందరికీ ఆయన గొంతే చెప్పేది. నరాల జబ్బు మొదట ఆ గొంతునే పట్టుకుంది. తరువాత చేతులను, కాళ్లను, చివరికి ఊపిరిని. కనురెప్పలను మాత్రం వదిలింది. అవి కూడా వాటి ఇష్టం వచ్చినట్టు అదురుతూ ఉండేవి.

మాట పోయినవాళ్ల లోపలి మాటను పట్టుకోవడమే ఈ పరిశోధనశాల పని. ఓబులేశు ఇక్కడ ఏడేళ్లుగా ఉద్యోగి కాబట్టి, బావను ఇక్కడి వార్డులోనే చేర్చారు. తలకు సాలెగూడంత పలుచని వల ఒకటి తొడిగారు. మనిషి మనసులో అనుకునే మాటలు ఆ వల గుండా వచ్చి, గాజుగొట్టంలోని ఒక జిగురు పదార్థంలో పొరలు పొరలుగా పేరుకునేవి. ఐదు నిమిషాలకు ఒక పొర. రోజుకు వేలెడంత కడ్డీ. ఆ కడ్డీ గట్టిపడడానికి నలభై రోజులు కావాలి, అంతకుముందు దాన్ని చదవలేరు. చదివేటప్పుడు పుట్టే వేడికి చదివిన పొర కరిగిపోతుంది, మిగతా పొరలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుచేత ఒక కడ్డీ నుంచి ఒక్కసారే వినగలరు. అదీ ఐదు నిమిషాలే.

పొరలన్నీ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి. ఏ పొర ఏ వేళదో చెప్పేది డేటాబేస్ ఒక్కటే. ఆ డేటాబేస్ నుంచి తేదీనీ సమయాన్నీ తీసి కుటుంబాలకు తెర మీద చూపించే పేజీ ఓబులేశు రాసింది.

సుంకమ్మకు కావలసింది జూలై పద్నాలుగు, మంగళవారం నాటి కడ్డీ. అందులోనూ ఒకే ఒక్క పొర.

*

ఆ మంగళవారం మధ్యాహ్నం డాక్టర్లు ఒక మాట చెప్పారు. గుండె నీరసిస్తోంది. ఊపిరి యంత్రాన్ని కొనసాగిస్తే ఇంకొన్ని నెలలు ఇలాగే గడుస్తాయి. తీసేయాలంటే కుటుంబం సంతకం పెట్టాలి.

"ఆయప్పనే అడుగుతా," అంది సుంకమ్మ.

అప్పుడు మూడు కావస్తోంది. ఆమె లేచినట్టే లేచి, ఇంటి నుంచి తెచ్చి వార్డు గోడకు తగిలించిన క్యాలెండరు చూసి మళ్లీ కూర్చుంది.

"ఏమైందక్కా?"

"మంగళవారం రా. మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం."

"మూడింటికి అడిగితే ఒక జవాబు, ఐదింటికి అడిగితే ఇంకొకటి వస్తాదా?"

"నువ్వూరుకోరా. అడిగేది కూరగాయల సంగతా?"

గంటన్నర వాళ్లు మంచానికి చెరోపక్క కూర్చున్నారు. నాలుగున్నర దాటినా ఆమె ఇంకో ఐదు నిమిషాలు ఆగింది. గోడ గడియారం ముందుకు నడుస్తుందేమోనని అనుమానం. తర్వాత భర్త చెవి దగ్గరికి వంగింది.

"యోవ్, ఈ పైపు తీసేయమంటావా? వద్దంటే చెప్పు, ఉంచుకుందాం. ఎన్నాళ్లైనా నేను చూసుకుంటా. నాకేం కష్టం లేదు."

చౌడప్ప రెప్పలు మూతపడ్డాయి. తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

సుంకమ్మ తల తిప్పి తమ్ముడి మొహం చూసింది. ఆ చూపులో ప్రశ్న ఒక్కటే ఉంది. ఓబులేశు అన్నాడు: "ఔనన్నాడక్కా."

ఆమె లేచి, మంగళవారం గడిలో పెన్నుతో 4.35 అని వేసింది. ఆ ఇంట్లో ముఖ్యమైనవన్నీ క్యాలెండరు మీదికే ఎక్కుతాయి. గ్యాస్ బండ వచ్చిన రోజు, పాలు రాని రోజు, చౌడప్పకు మొదటిసారి మైకు ముందు నాలుక తడబడిన రోజు. ఆసుపత్రికి వచ్చినా ఆమె ఆ అలవాటు మానలేదు.

బుధవారం పొద్దున ఆమె సంతకం పెట్టింది, యంత్రం తీసేశారు. తొమ్మిదీ నలభైకి చౌడప్ప ఊపిరి ఆగిపోయింది.

పన్నెండో రోజు కర్మ ముగిశాక సుంకమ్మ తమ్ముణ్ని పక్కకు పిలిచి అడిగింది. "ఆ రెప్ప అదురుతానే ఉండె కదరా, పొద్దస్తమానం. ఔనన్నాడని నీకెట్ల తెలిసె?"

నలభై రోజులు నిండితే కడ్డీ చెబుతుందన్నాడు ఓబులేశు.

*

చదివే గది చల్లగా ఉంది. ఓబులేశు తెర ముందు అక్కకు కుర్చీ వేశాడు.

తెర మీద వరుసలు కనిపించాయి. ప్రతి వరుసలోనూ ఒకే మాట: 14 జూలై, మంగళవారం. సమయం కనిపించదు. వరుసను నొక్కి తెరిస్తేనే సమయం వస్తుంది. ఇది ఓబులేశు కావాలని చేసిన ఏర్పాటు. మొదట్లో గంటలూ నిమిషాలూ అన్నీ జాబితాలోనే చూపించేవాడు. తన మనిషి చివరి రోజు ఐదేసి నిమిషాలుగా తరిగి, వరుసగా పేర్చి ఉండడం చూసి ఒక తల్లి తెర ముందే కూలబడింది. ఆ మరునాడే అతను సమయాన్ని లోపలికి నెట్టి తేదీని మాత్రం బయట ఉంచాడు. పేజీ శుభ్రంగా కనిపించింది. అందరూ మెచ్చుకున్నారు.

వెతికే గడిలో అతను నాలుగూ ముప్పై ఐదు అని కొట్టాడు. ఒక వరుస పైకి వచ్చి తెరుచుకుంది.

14 జూలై, మంగళవారం, సాయంత్రం 4:35.

సుంకమ్మ క్యాలెండరు కాగితాన్ని విప్పి తెర పక్కన పెట్టింది. వేలితో మంగళవారం గడి వెతికి, రెండు అంకెలనూ మార్చి మార్చి చూసింది.

"సరిపోయింది," అంది.

నొక్కాల్సింది కుటుంబమే. అది ఇక్కడి నియమం. ఆమె కుడిచేతి వేలిని చీర కొంగుకు తుడుచుకుని, తెర మీది పచ్చ గడిని నొక్కింది. లోపలి గదిలో యంత్రం సన్నగా మూలిగింది.

బస్టాండు వాళ్ల దగ్గర మిగిలిన పాత టేపుల నుంచి, పొరను చదివి వినిపించే గొంతును తయారు చేశారు. అందుకని మొదటి మాటకే సుంకమ్మ ఉలిక్కిపడింది. కదిరి బస్సు వచ్చిందని చెప్పే గొంతే అది.

"...మెల్లగా. మెల్లగా గీయి. గదవ కింద మళ్ల ఎదురు గీస్తాంది. పెళ్లై ముప్పై ఏండ్లాయె, ఎదురు గీయకూడదని ఎవరూ చెప్పలేదు దీనికి. చెప్పాల్సినోడికి నోరు లేకపాయె... తెగింది. తెగింది చూడు. ఇప్పుడు పటిక రుద్దుతాది... రుద్దె. అబ్బా. కండ్లద్దాలు యాడ పెట్టిందో. అవి లేకుంటే ఇంతే, మొకం మీదికే వచ్చేస్తాది. ఊపిరి తగుల్తాంది. సబ్బు వాసన... ఇంకోపక్క గీయి. తొందరేం లేదు. తొందరేం లేదులే..."

సుంకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని అనుకున్నాడు ఓబులేశు. ఆమె నవ్వుతోంది.

"చూసినావా, ఎట్ల తిడతాన్నాడో! పటిక రుద్దితే నొప్పంట. నేను..."

నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆమె క్యాలెండరు కాగితం వైపు చూసింది. తర్వాత తెర వైపు.

"ఓబులేసా. ఇది సాయంత్రంది కాదు."

"ఏమక్కా?"

"గడ్డం గీసింది పొద్దున. సిస్టరమ్మ టీ తాగను పోయినప్పుడు, పదకొండు గంటలప్పుడు. సాయంత్రం మనం అడిగినప్పుడు ఆ మొకం నున్నగా ఉండె. తెగిన చోట దూది కూడా ఉండె, నువ్వు చూడలా?"

పదకొండు. నాలుగూ ముప్పై ఐదు. ఓబులేశు తీసివేత చేయలేదు. చేయవలసిన అవసరం లేదు. ఐదున్నర గంటలు. ఈ దేశంలో అతని పని చేసేవాళ్లందరికీ, నిద్రలో లేపి అడిగినా నోటికి వచ్చే అంకె అది.

"సాయంత్రంది యాడుంది మళ్ల?"

అతను అద్దం గుండా లోపలి గదిలోకి చూశాడు. తేనె రంగులో ఉండే కడ్డీ, పొరలన్నీ కలిసిపోయి, పాలలా తెల్లబడి ఉంది.

"నువ్వు క్యాంటీన్లో కూర్చో అక్కా. చూసి చెప్తా," అన్నాడు. అక్కతో అతను ఆ రోజు ఆడిన అబద్ధం అదొక్కటే. చూడవలసింది ఏమీ లేదని అతనికి అప్పటికే తెలుసు.

*

వార్డులో సిస్టర్ ఫిలోమినా ఒక మంచం పక్కన దుప్పటి మడత పెడుతోంది.

"సిస్టర్, మాటలు పట్టే ఈ యంత్రం గడియారం ఎప్పుడైనా మార్చారా?"

"మే నెలలో గాలివానకు కరెంటు పోయింది కదండీ, అప్పుడు. మళ్లీ కరెంటు వచ్చేసరికి అన్నీ సున్నాలు చూపిస్తోంది. మీ కాగితం చూసి నా వాచీ ప్రకారం పెట్టాను." ఆమె దుప్పటి వదిలేసింది. "ఏమండీ, తప్పా?"

యంత్రం పక్కన అంటించిన కాగితం అంచులు పసుపెక్కి ఉన్నాయి. రాత తనదే. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారాన్ని సరిచేయవలెను. ఏ కాలానికి సరిచేయాలో రాయలేదు.

"తప్పు కాదు సిస్టర్," అన్నాడు. "మీ వాచీ సరిగ్గానే ఉంది."

పరిశోధనశాల రికార్డులన్నీ గ్రీనిచ్ కాలంలో ఉండాలని మూడేళ్ల కిందట తీర్మానించుకున్నారు. ఏ ఊళ్లోని ప్రయోగాన్నయినా ఇంకో ఊరి ప్రయోగంతో పోల్చడానికి వీలుగా ఉంటుందని. ఈ జిల్లాలో ఏ గోడ మీదా, ఏ మణికట్టు మీదా లేని కాలం అది. దానికి ఐదున్నర గంటలు కలిపి, మనుషుల కాలంగా మార్చి చూపించడం ఓబులేశు పేజీ పని. ఫిలోమినా వాచీలో ఉన్నది అప్పటికే మనుషుల కాలం. పేజీకి ఆ సంగతి తెలియదు. అది మళ్లీ ఐదున్నర గంటలు కలిపింది. పగలు పదకొండూ ఐదుకు జరిగిన దాన్ని సాయంత్రం నాలుగూ ముప్పై ఐదు అని చూపింది.

తన గదికి వెళ్లి అతను బావ జాబితాలోని చిట్టచివరి వరుసను తెరిచాడు. 15 జూలై, బుధవారం. తేదీ నిజమే. నొక్కితే సమయం వచ్చింది: మధ్యాహ్నం 3:10.

చౌడప్ప పోయింది పొద్దున తొమ్మిదీ నలభైకి. పోయిన తర్వాత కూడా ఆయన ఐదున్నర గంటలు ఆలోచిస్తూనే ఉన్నట్టు ఆ పేజీ ఆరు వారాలుగా చెబుతోంది. తేదీ ఒక్కటే బయటికి కనిపిస్తుంది కాబట్టి ఎవరూ గమనించలేదు. ఒక్కసారి నొక్కి ఉంటే తెలిసిపోయేది. తాను నొక్కలేదు. ఈ నలభై నాలుగు రోజుల్లో ఆ జాబితాను అతను తెరవని రోజు లేదు. తెరిచి, చూసి, మూసేసేవాడు.

ఎందుకు నొక్కలేదు? మర్యాద కోసమని ఇన్నాళ్లూ తనకు తాను చెప్పుకున్నాడు. అది అక్క వినవలసినది, తాను ముట్టుకోకూడదని. ఇప్పుడు ఆ మాట అతనికి నిలబడేలా అనిపించలేదు. తెలుసుకోవాలనే కోరిక, తెలియకుండా ఉండాలనే కోరిక ఒకే మనిషిలో పక్కపక్కన కూర్చోగలవు. వాటిలో ఏది చేతిని నడిపిస్తుందో ఆ మనిషికే తెలియదు. ఔనన్నాడక్కా అని ఆ సాయంత్రం తన నోటి నుంచి వచ్చిన మాట బావ రెప్పలను చూసి వచ్చిందా, పదకొండు నెలలుగా నేల మీద చాప వేసుకుని పడుకుంటున్న అక్క నడుమును చూసి వచ్చిందా? అతను లోపల వెతికాడు. అక్కడ ఏ వల ఏ పొరనూ పట్టి ఉంచలేదు.

*

పరిశోధనశాల అధిపతి డాక్టర్ మెహరున్నీసా మొత్తం విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మే తర్వాత ఆ వార్డు కడ్డీలను ఎంతమంది విన్నారు?"

"తొమ్మిది కుటుంబాలు మేడమ్. అక్కతో కలిపి."

"ఒక్కరూ అనుమానపడలేదా?"

"లోపలి మాటలకు తేదీ ఉండదు కదా మేడమ్. ఏ వేళది వినిపిస్తే ఆ వేళదే అనుకుంటారు."

ఆమె కిటికీ వైపు చూసింది. గట్టు మీద నిమ్మకాయల బుట్ట ఉంది. గోవిందప్ప అనే రిటైరైన పోస్టుమాస్టరు ప్రతి శుక్రవారం తెచ్చి ఇచ్చేవి. భార్య చివరి సాయంత్రం తాను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు ఆమె లోపల ఏదో పాట కూనిరాగం తీసుకుంటూ ఉందని జూలైలో ఇక్కడ విన్నాడు. తన చెయ్యి ఆమెకు తెలిసిందన్న ధైర్యంతో ఇంటికి వెళ్లాడు. ఆ పాట సాయంత్రానిది కాదు. మధ్యాహ్నానిది. ఆ వేళ ఆయన ఊళ్లోనే లేడు.

"పేజీ దిద్దితే ఆయనకు తెలుస్తుంది," అంది మెహరున్నీసా.

"తెలుస్తుంది మేడమ్."

"దిద్దకపోతే?"

"రేపు పదో కుటుంబం వస్తుంది."

"ఈ జిగురు పదార్థం దొరకడానికి నాకు పద్దెనిమిదేళ్లు పట్టింది ఓబులేశు గారూ. మనిషి లోపలి మాటను ఐదు నిమిషాలు నిలిపి ఉంచగలిగాం. అది ఏ ఐదు నిమిషాలో మాత్రం..." అని ఆపేసింది. కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "పేజీ మీరు దిద్దండి. ఫోన్లు నేను చేస్తాను. ముందు వెళ్లి మీ అక్కగారితో మాట్లాడండి."

*

క్యాంటీన్లో సుంకమ్మ ముందున్న రెండు ఇడ్లీలూ అలాగే ఉన్నాయి. చట్నీ మీద తరక కట్టింది.

"చెప్పు," అంది.

అతను చెప్పాడు. గ్రీనిచ్ అనలేదు, డేటాబేస్ అనలేదు. సిస్టరమ్మ వాచీకి నేను ఐదున్నర గంటలు కలిపినానక్కా, కలపకూడదు, అన్నాడు. పొద్దుటిది సాయంత్రంది అనుకుని చదివినామన్నాడు.

ఆమె ప్రతి మాటా విన్నది.

"అంటే సాయంత్రంది ఉండెనా?"

"ఉండెనక్కా."

"ఎంతసేపటి దాకా?"

"ఇందాకటి దాకా ఉండె."

"నేను ఏలు పెట్టి నొక్కితి. పాయె."

"నువ్వు కాదక్కా, నేను."

"నొక్కింది నేనే కదరా," అంది ఆమె. గొంతులో కోపం లేదు. ఎప్పుడు ఏం జరిగిందో సరిగా ఉండాలని, అంతే. "సంతకం పెట్టింది కూడా నేనే."

పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రవాళ్లు క్రికెట్ గురించి వాదులాడుకుంటున్నారు. ఆమె వాళ్లవైపు చూసి, మళ్లీ తమ్ముడివైపు తిరిగింది.

"ఓబులేసా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఆపొద్దు నువ్వు ఔనన్నాడంటివి. నీకు నిజంగా అట్లనే కనపడెనా? లేకుంటే నా అగసాట్లు చూడలేక అంటివా?"

ఆ ప్రశ్నకు అతను ఆ గంటలో ఎన్నో జవాబులు తయారుచేసుకున్నాడు. ఆమె మొహం ఎదురుగా ఉండగా అవేవీ పనికిరాలేదు.

"తెలీదక్కా."

"తెలీదా?"

"ఎంత వెతికినా తెలీడంలే."

సుంకమ్మ తల ఊపింది. "నీకూ తెలీదు. నాకూ తెలీదు. తెలిసినోడు చెప్పె, చెప్పినాడో లేదో, దాన్ని మనం కాల్చేస్తిమి." ఇడ్లీ పళ్లేన్ని కొంచెం అవతలికి జరిపింది. "వద్దనుంటే ఎట్లరా?"

ఓబులేశు ఆ పళ్లేన్ని మళ్లీ ఆమె ముందుకు జరిపాడు.

ఆమె సంచిలోంచి ఫోను తీసి అతని ముందు పెట్టింది. "ఆ గడ్డం గీసేది దీంట్లోకి ఎక్కియ్యి. దాన్నన్నా ఉంచుకుంటా."

ఎక్కించాడు. ఆమె ఫోనును చెవికి ఆనించుకుని మొదటి రెండు మాటలు విని ఆపేసింది. "ఎదురు గీస్తాన్నంట," అంది తనలో తాను. "ముప్పై ఏండ్లు నోరుండె కదా, అప్పుడే చెప్పుండొచ్చు కదా, మహానుభావుడు."

గేటు దగ్గర బస్సు కోసం నిలబడినప్పుడు క్యాలెండరు కాగితాన్ని తమ్ముడి చేతికిచ్చింది.

"నాకేంటికక్కా?"

"ఉంచుకో. టైము దీంట్లో కరెక్టుగా ఉంది."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని అతను ఆమె మొహం చూశాడు. లేదు. ఉంటే బాగుండేదనిపించింది. బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, కండ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ ఉండగానే బస్సు కదిలిపోయింది.

*

ఓబులేశు తన గదికి వచ్చి పేజీని దిద్దాడు. పెద్ద పనేమీ కాదు. మే నెల గాలివాన తర్వాతి వరుసలకు ఐదున్నర గంటలు కలపవద్దని ఒక షరతు. సమయాన్ని తేదీ పక్కనే, బయటికే చూపించమని ఇంకొకటి. రెండింటికీ కలిపి పది నిమిషాలు పట్టలేదు. పక్క గదిలో మెహరున్నీసా ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. "గోవిందప్పగారేనా అండీ? కూర్చునే ఉన్నారా?" అనడం గోడ గుండా వినిపించింది.

అతను బావ జాబితాను మళ్లీ తెరిచాడు. చిట్టచివరి వరుస: 15 జూలై, బుధవారం, ఉదయం 9:40. దాని తర్వాత ఏమీ లేదు. పైకి, మంగళవారం పొద్దుటి వరుసల దాకా వెళ్లి, అక్కడి నుంచి ఒక్కొక్క ఐదు నిమిషాలే దాటుకుంటూ కిందికి వచ్చాడు.

14 జూలై, మంగళవారం, పగలు 11:05. విన్నారు.

14 జూలై, మంగళవారం, సాయంత్రం 4:35. వినడానికి లేదు.

అతను చుట్ట విప్పి, జూలై నెల కాగితాన్ని తెర పక్కన ఆనించి పట్టుకున్నాడు. అక్క రాసిన అంకె, తెర మీది అంకె. వేలితో మంగళవారం గడిని వెతికి, రెండింటినీ మార్చి మార్చి చూశాడు. నిమిషం కూడా తేడా లేదు.